ఒకే ఊళ్లో నలుగురు వెంకట సుబ్బయ్యలు, ఇద్దరికి తండ్రి పేరు రామయ్యే

లావణ్య_తెనాలి

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారి వైపు వంశవృక్షం రాద్దామని మొదలుపెట్టాను. తాతగారి దాకా సాఫీగానే వచ్చింది, ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆయన పేరు వెంకట సుబ్బయ్య. ఆయన తాత పేరూ అదే. మా పెదనాన్నకూ అదే పేరు పెట్టారు. తాత పేరు మనవడికి పెట్టడం మామూలే కాబట్టి అక్కడిదాకా గొడవ లేదు.

అసలు తలనొప్పి ఏమిటంటే, ముత్తాతకు పెదనాన్న కొడుకు ఒకాయన ఉండేవారట. ఆయనా వెంకట సుబ్బయ్యే. ఇద్దరి నాన్నలూ అన్నదమ్ములు, పెద రామయ్య, చిన రామయ్య. మేం చిన రామయ్య వైపు. కాగితాల్లో మాత్రం పెద, చిన రెండూ ఎగిరిపోయి ఎక్కడ చూసినా "రామయ్య కుమారుడు వెంకట సుబ్బయ్య" అనే ఉంది.

నా దగ్గర ఉన్నవి: 1910 నాటి క్రయ దస్తావేజు, కొన్నది వెంకట సుబ్బయ్య, వయసు సుమారు 35. 1924లో ఒక తనఖా, అందులోనూ వెంకట సుబ్బయ్యే. ఊరి రామాలయంలో చిన్న రాయి, "రాక్షస నామ సంవత్సరమున వెంకట సుబ్బయ్య గారు స్థలమిచ్చిరి" అని. ఇంకా మా పాత ట్రంకు పెట్టెలో జాతకం చీటీ ఒకటి, ధాత నామ సంవత్సరం అని రాసి ఉంది. ఇవన్నీ ఒక్క మనిషివేనా? గుడికి స్థలం ఇచ్చింది మా ముత్తాతేనని బాబాయి గట్టిగా అంటాడు. అవతలి ఇంటివాళ్లు వాళ్ల తాతేనంటారు.

నిర్వాహకుడు

లావణ్య గారూ, స్వాగతం. ఇంటిపేరు, ఊరి పేరు రాయకుండా ఉన్నందుకు థాంక్స్. సభ్యులకు గమనిక: బతికున్నవాళ్ల పేర్లు, ఇప్పటి సర్వే నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. పాత కాగితాల స్కాన్లు పెట్టేటప్పుడు ఊరు, ఇంటిపేరు చెరిపేసి పెట్టండి.

దస్తావేజు_లేఖరి

అమ్మా, నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు రాసి రిటైరయినవాణ్ణి. ఒక మాట చెబుతాను. ముందు పేరు సంగతి పక్కన పెట్టండి. ఆ కాగితంలో పేరు కాకుండా ఇంకేం ఉందో చూడండి.

1910 క్రయంలో కొన్నవాడి సంతకం వెతక్కండి, ఉండదు. ఆ రోజుల్లో అమ్మినవాడే రాసిచ్చేవాడు, అమ్మినవాడే సంతకం పెట్టేవాడు. సంతకం కావాలంటే ఆయన తనే ఎవరికైనా రాసిచ్చిన కాగితం కావాలి. మీ 1924 తనఖా అలాంటిదే. అందులో చేవ్రాలు ఉందా, సంతకం రానివాళ్లు పెట్టే నిశాని ఉందా? సాక్షులు ఎవరు?

ఇక క్రయంలో చూడాల్సింది చెక్కుబందీ. నాలుగు హద్దులూ ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టండి. హద్దు రాసేటప్పుడు లేఖరి ఆదమరిస్తే అమ్మేవాడు ఊరుకోడు. పక్క చేనువాడు రేపు గొడవకొస్తాడు కదా. అందుకే తండ్రి పేరు దగ్గర తేలిగ్గా తీసుకున్నవాడు కూడా హద్దుల దగ్గర పూర్తి వివరం రాస్తాడు.

వయసు మీద నమ్మకం పెట్టుకోకండి. 35, 40, 45, 50. పాత కాగితాల్లో మనుషులందరూ అయిదేళ్లకోసారే పెరిగేవాళ్లు.

లావణ్య_తెనాలి

లేఖరి గారూ, ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను. 1910 క్రయంలో హద్దులు ఇవి:

తూర్పు: డొంక
దక్షిణం: పంట కాలువ
పడమర: పెద రామయ్య గారి కుమారుడు వెంకట సుబ్బయ్య గారి పొలం
ఉత్తరం: గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లున్న చోటు)

1924 తనఖాలో చివర "వెంకట సుబ్బయ్య నిశాని" అని రాసి ఇంటూ గుర్తు ఉంది.

దస్తావేజు_లేఖరి

పడమర హద్దు చదివారా? తేలిపోయింది కదమ్మా. పడమటి పొలం పెద రామయ్య కొడుకుది. కొన్న వెంకట సుబ్బయ్య కూడా ఆయనే అయితే హద్దు దగ్గర "కొనుగోలుదారు సొంత పొలం" అని రాసేవారు. పక్కవాడిలాగా తండ్రి పేరు, "గారు" కలిపి రాయరు. కాబట్టి 1910లో కొన్నది చిన రామయ్య కొడుకు, మీ ముత్తాత. పైగా ఆ ఒక్కచోట లేఖరి "పెద" అని రాశాడంటే, ఆ పేరుతో ఇద్దరున్నారని ఊళ్లో అందరికీ తెలుసన్నమాట.

ఇంకొకటి కూడా తెలుస్తుంది. 1910 నాటికే ఈ అన్నదమ్ముల పిల్లల ఆస్తులు వేరుపడ్డాయి. ఇది గుర్తుపెట్టుకోండి, గుడి సంగతిలో పనికొస్తుంది.

కరీంనగర్_సతీష్

లావణ్య గారూ, మా తెలంగాణ దిక్కు ఇంకో రకం తిప్పలు. మా ఇంట్ల రాజయ్యలు, కొమురయ్యలు తప్ప వేరే పేరు లేదు. వేములవాడ రాజన్న, కొమురవెల్లి మల్లన్న. జిల్లా మొత్తం అంతే అనుకోండి. రాజయ్య వల్ద్ మల్లయ్య (అంటే మల్లయ్య కొడుకు రాజయ్య), మల్లయ్య వల్ద్ రాజయ్య, మళ్లా రాజయ్య వల్ద్ మల్లయ్య. పహాణీ, అంటే ఊరి భూముల లెక్క పుస్తకం, చూస్తే కళ్లు తిరుగుతయి.

నాకు పనికొచ్చింది సేత్వార్ (మొదటి భూమి సర్వే రికార్డు), దాని తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ. రెండింట్లో సర్వే నంబరు వెంట పోయిన, పేరు వెంట పోలేదు. ఒక నంబరు పట్టుకుని ఏ ఏడు ఎవరి పేరు మీద ఉందో వరుసగా రాసుకుంటే తండ్రి ఎప్పుడు పోయిండో, కొడుకు పేరు ఎప్పుడు ఎక్కిందో కనబడ్తది. పేరు అదే ఉన్నా పక్కన తండ్రి పేరు మారిందంటే మనిషి మారినట్టే.

పాతవి ఉర్దూల ఉంటయి, అక్కడ జాగ్రత్త. బే అక్షరం కింద ఒక చుక్క, పే అక్షరం కింద మూడు చుక్కలు. పట్వారీ తొందరల చుక్కలు సరిగ పెట్టకపోతే బాపయ్య, పాపయ్య ఒక్కతీరుగనే కనబడ్తరు. తెలుగులకు ఎత్తి రాసినప్పుడు ఒకాయన బాపయ్య అయితడు, పదేండ్లకు ఇంకొకాయన పాపయ్య అని రాస్తడు. మనిషి ఒక్కడే, మనం ఇద్దరనుకుంటం.

పంచాంగం_శర్మ

ధాత నామ సంవత్సరం అన్నారు. అది 1876-77 అవుతుంది, 1936-37 కూడా అవుతుంది. 1876 అంటే పెద్ద కరువు వచ్చిన ఏడు, ధాత కరువు అని మన పెద్దలు చెప్పుకునేది దాన్నే. అరవై ఏళ్ల చక్రంలో తాతకీ మనవడికీ ఒకే సంవత్సరం రావడం కొత్తేం కాదు. ఒకే పేరు, ఒకే సంవత్సరం. చీటీ ముత్తాతదో, మీ పెదనాన్నదో ఎలా చెప్పగలం?

పెదనాన్న గారు ఎప్పుడు పుట్టారు?

లావణ్య_తెనాలి

స్కూలు సర్టిఫికెట్‌లో 1935 జులై 1 అని ఉంది. కానీ ఆ కాలంలో మాస్టారు ఎంతమందికి జులై 1 వేశారో మీకూ తెలుసు కదా. నిజంగా 1936లో పుట్టారనే మా నానమ్మ అనేది.

పంచాంగం_శర్మ

అనుకున్నాను. అయితే చీటీలో రాశి చక్రం వేసి ఉందా? ఉంటే గురువు, శని చూసి లాభం లేదు. శని సుమారు ముప్పై ఏళ్లకు, గురువు సుమారు పన్నెండేళ్లకు చుట్టు తిరుగుతారు కాబట్టి అరవై ఏళ్లకు ఇద్దరూ దాదాపు మొదటి చోటికే వస్తారు. ధాతలో రెండుసార్లూ శని కుంభంలో, గురువు ఎక్కువ భాగం వృశ్చికంలో ఉన్నారు. పైపైన చూస్తే రెండు జాతకాలూ ఒకటే అనిపిస్తాయి.

రాహువును చూడండి. రాహువు చుట్టుకు పద్దెనిమిదిన్నర ఏళ్లకు పైగా పడుతుంది, అరవైకి సరిపోదు. 1876లో రాహువు మీనంలో ఉండి తర్వాత కుంభంలోకి వచ్చాడు. 1936లో ధనుస్సులో ఉండి ఏడాది చివర్లో వృశ్చికంలోకి దిగాడు. మీ చీటీలో "రా" ఎక్కడ ఉంది?

తిథి పక్కన వారం రాసి ఉంటే అదీ చెప్పండి. తిథి, వారం రెండూ అరవై ఏళ్ల తర్వాత కూడా అవే పడే అవకాశం ఏడింట ఒకటి.

లావణ్య_తెనాలి

శర్మ గారూ, వారం ఉన్నచోట చెదలు తినేసింది. చక్రం మాత్రం ఉంది. పై వరసలో ఎడమ మూల గడిలో "రా" అని స్పష్టంగా ఉంది. అది మీనమే కదండీ? దాని కింద గడిలో "శ".

పంచాంగం_శర్మ

మన దక్షిణాది చక్రంలో పై వరస ఎడమ మూల మీనమే. దాని కింద కుంభం. రాహువు మీనం, శని కుంభం. అది 1876. చీటీ మీ ముత్తాతది. మీ ఇంటి పెట్టెలో దొరికింది కాబట్టి అవతలి వెంకట సుబ్బయ్యది అయ్యే అవకాశం తక్కువ. ఆయన పెద్దన్నగారి కొడుకు కదా, వయసులో ఇంకా పెద్దవాడై ఉంటాడు.

1910లో సుమారు 35 అన్నదీ దీంతో కుదిరింది. లేఖరి గారు వయసు నమ్మొద్దన్నారు గానీ, ఈసారికి లెక్క సరిపోయింది.

శాసనాల_పిచ్చి

కొంచెం పక్కదారి, నిర్వాహకులు క్షమించాలి. ఇది మనలాంటివాళ్ల ఇళ్లలోనే ఉన్న గొడవ కాదు. కాకతీయుల్నే చూడండి. మొదటి బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజు, ఆయన కొడుకు రెండో బేతరాజు, ఆయన కొడుకు రెండో ప్రోలరాజు. తాత పేరు మనవడికి, లావణ్య గారి ఇంట్లో లాగే. మొదటి, రెండో అన్న అంకెలు మనం తగిలించుకున్నవి. శాసనంలో ఉట్టి ప్రోలరాజే ఉంటాడు.

వాళ్లకంటే పాత రాజవంశం విష్ణుకుండినుల్లో అయితే మాధవవర్మలు ఎందరు, ఎవరి తర్వాత ఎవరు అని చరిత్రకారులు దశాబ్దాలు వాదించుకున్నారు. ఈపూరు, పోలమూరు తామ్రశాసనాలు ముందేసుకుని ఒక్కొక్కరు ఒక్కో వంశవృక్షం వేశారు. అప్పటి నల్గొండ జిల్లా తుమ్మలగూడెం దగ్గర ఇంద్రపాలనగర శాసనాలు దొరికాక ఆ వరసలు మళ్లీ రాయాల్సి వచ్చింది. అక్కడా పట్టించింది పేరు కాదు. తండ్రి, తాతల పేర్ల వరస, బిరుదులు, దానం ఇచ్చిన ఊరు. లేఖరి గారి హద్దుల పద్ధతి దాదాపు అదే.

ఉత్తరాంధ్ర_నాయుడు

మా వైపు సంగతి చెప్తాను. విశాఖ, విజయనగరం జిల్లాల్లో సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లుండదు. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ. డర్బన్‌లో ఉన్న మా దూరపు బంధువులు అడిగితే వాళ్ల ముత్తాత అప్పలస్వామిని వెతికే పని నెత్తికెత్తుకున్నాను.

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలతో మద్రాసు నుంచి వెళ్లిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా మద్రాసు, కలకత్తాల నుంచి అలా వెళ్లినవాళ్లు మొత్తం 1,52,184 మంది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. గుమాస్తా ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఊరి పేరు చదవడమే ఒక పరీక్ష. అప్పలస్వామి అని వెతికితే కట్టలకు కట్టలు వచ్చాయి.

బయటపడేసింది నంబరు. వెళ్లిన ప్రతి మనిషికీ అక్కడ ఒక కలోనియల్ నంబరు ఇచ్చేవారు. ఆ తర్వాత కాగితాల్లో కూడా మనిషిని ఆ నంబరుతోనే గుర్తించేవారు. డర్బన్ వాళ్ల ఇంట్లో ముసలమ్మ పాత పెళ్లి కాగితం దాచిపెట్టింది, దాని మీద నంబరు ఉంది. అక్కడినుంచి ఓడ, ఓడ నుంచి ఊరు. ఆ ఊరు పాత విశాఖపట్నం జిల్లాది.

లావణ్య గారికి పనికొచ్చే మాట ఇంకోటి. పేరు ఎంత మామూలుదో ఆ ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. నెల్లూరులో పెంచలయ్య, ఒంగోలు వైపు మాలకొండయ్య, నరసరావుపేటలో కోటయ్య కనబడితే సంబరపడటానికేం లేదు, అందరూ వాళ్లే. అదే పెంచలయ్య శ్రీకాకుళంలో కనబడితే వదలకండి.

కొత్తగా_చేరా

డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే అయిపోదా అండీ? ఇంత తంటా ఎందుకు?

దస్తావేజు_లేఖరి

బాబూ, ఇద్దరు వెంకట సుబ్బయ్యలూ ఒకే తాత మనవలు. డీఎన్‌ఏ వాళ్లు చుట్టాలని చెబుతుంది. ఆ సంగతి ఊరంతా తెలుసు. 1924లో పొలం తనఖా పెట్టిందెవరో అది చెప్పదు.

లావణ్య_తెనాలి

తనఖా గురించే అడుగుదామనుకుంటున్నాను. నిశాని ఉంది అన్నాను కదా. మా ముత్తాత రామాలయంలో భారతం చదివి అర్థం చెప్పేవారని ఇంట్లో అంటారు. అలాంటాయన ఇంటూ గుర్తు పెడతారా? అంటే తనఖా అవతలి ఆయనదేనా?

దస్తావేజు_లేఖరి

అలాగే అనిపిస్తుంది, కానీ అంత తొందరగా తేల్చకండి. చూపు పోయినా, చెయ్యి పడిపోయినా చదువుకున్నవాడూ నిశానే పెడతాడు. ముందు తనఖా పెట్టిన పొలం ఎక్కడిదో చూడండి. దాని తూర్పు హద్దులో మీ ముత్తాత పేరుంటే అది ఆ పడమటి పొలమే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మళ్లీ వెతికించేటప్పుడు పేరు ఇండెక్స్ ఒక్కటే చూడొద్దు. ఇండెక్స్ 1 పేర్లది, ఇండెక్స్ 2 ఊరు, ఆస్తి ప్రకారం ఉండేది. మీకు రెండోదే కావాలి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో అడిగి నకలు తీసుకోవాల్సిందే.

ఇంకొకటి. గుంటూరు జిల్లాను 1859లో తీసేసి 1904లో మళ్లీ ఏర్పాటు చేశారు. మధ్యలో మీ వైపు ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి. పెద రామయ్య, చిన రామయ్యల కాలం కాగితాలు కావాలంటే కృష్ణా జిల్లా పేరుతో అడగండి. గుంటూరు అని అడిగితే లేవని పంపేస్తారు.

రాధమ్మ_గారి_మనవరాలు

ఇంతసేపూ మగవాళ్ల పేర్లే మాట్లాడుకుంటున్నారు. ఇద్దరు వెంకట సుబ్బయ్యలున్నా వాళ్ల భార్యలిద్దరికీ ఒకే పేరు ఉండదు కదా. మా ఇంట్లో ఇద్దరు నరసింహాలను విడదీసింది వాళ్ల భార్యల పుట్టిళ్లే. తద్దినం పెట్టేటప్పుడు మాతృ, పితామహి, ప్రపితామహి అని మూడు తరాల ఆడవాళ్ల పేర్లు చెబుతారు. మీ బాబాయిని అడగండి. మగపేర్లు తడబడ్డా అవి నోటికి వచ్చే ఉంటాయి. అవతలి ఇంటివాళ్లు ఏ తిథికి పెడతారో కూడా కనుక్కోండి, తిథి వేరైతే చావు వేరు.

ఒక హెచ్చరిక. మొదటి భార్య పోయి రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు ఎక్కువ. ఒకాయనకు ఇద్దరు భార్యల పేర్లు కనబడితే ఇద్దరు మనుషులనుకుని చెట్టును రెండుగా చీల్చకండి. మేనరికం ఉంటే ఇంకా చిక్కు. అమ్మ పుట్టిల్లు, భార్య పుట్టిల్లు ఒకటే అవుతుంది. మా వైపు ఒకాయన దత్తత వెళ్లాడు. ఇంటిపేరు, గోత్రం, తండ్రి పేరు అన్నీ మారాయి. కాగితాల్లో ఇద్దరు, నిజానికి ఒక్కడే.

కరీంనగర్_సతీష్

రాధమ్మ గారి మనవరాలు గారు మంచిగ చెప్పిండ్రు. ఇంకోటి, మా ఊర్లకు వంశరాజులు వస్తుండె, పిచ్చుగుంట్లోళ్లు అంటరు. గోత్రం చెప్పి ఇంటిపేరు చెప్పి తాత ముత్తాతల పేర్లు పాడి అడుక్కుంటరు. వాళ్ల నోట్ల ఉన్నది మన బీరువాల ఉండదు. ఇప్పుడు వచ్చుడు తగ్గింది. ఎవరి ఊర్లకన్న వస్తే ఫోన్‌ల రికార్డు చేసుకోండ్రి, ఉత్త చేతులతో మాత్రం పంపకండ్రి.

లావణ్య_తెనాలి

అప్‌డేట్. బాబాయికి ఫోన్ చేశాను. మా ముత్తాత భార్య పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు టక్కున చెప్పాడు. అవతలి ఇంటి పెద్దమ్మ కూడా వాళ్ల వైపు పేర్లు చెప్పింది, ఇద్దరివీ వేరు. తిథులూ వేరే. వాళ్లది మాఘంలో, మాది శ్రావణంలో.

ఆవిడ ఇంకో మాట అంది. వాళ్ల వెంకట సుబ్బయ్య చదువుకోలేదట, కానీ నోటి లెక్కల్లో ఘటికుడట. తనఖా నకలులో తూర్పు హద్దు చూశాను, "చిన రామయ్య గారి కుమారుడు వెంకట సుబ్బయ్య గారి పొలం" అని ఉంది. తనఖా వాళ్లదే.

ఇక గుడి. రాక్షస అంటే 1915 కదా శర్మ గారూ? సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) నకలు తీసుకుని పొలాల హద్దులతో పోల్చాను. రామాలయం ఉన్నది గ్రామకంఠాన్ని ఆనుకుని పడమటి ముక్కలో. అంటే పెద రామయ్య కొడుకు పొలంలో.

పంచాంగం_శర్మ

అవునమ్మా, రాక్షస 1915-16. అంతకుముందుది 1855, తర్వాతది 1975. ఆ రెండూ మీ లెక్కకు రావు.

శాసనాల_పిచ్చి

ఉమ్మడి ఆస్తి అయి ఉంటే ఇద్దరూ కలిసి ఇచ్చారనుకోవచ్చు. కానీ 1910కే వేరుపడ్డారని హద్దులే చెబుతున్నాయి. బాబాయి గారికి చెప్పారా?

లావణ్య_తెనాలి

చెప్పాను. స్కెచ్ తప్పంటున్నాడు. స్థలం వాళ్లిచ్చినా మట్టి తోలించింది మనమేనంటున్నాడు. దానికి కాగితం ఉందా అని అడిగితే ఫోన్ పిన్నికిచ్చేశాడు.

దస్తావేజు_లేఖరి

రాతిని ఉట్టి నీళ్లతో కడిగి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఇంకో ఫోటో తీయండి. పాత రాళ్ల మీద పేరు ముందు చిన్న అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. "పెద" అన్నది అక్కడే ఉండొచ్చు.

కొత్తగా_చేరా

నాకూ ఇలాంటిదే ఉందండీ. మెదక్ వైపు, తాత పేరు బాలయ్య. 1954-55 ఖాస్రాలో అదే సర్వే నంబరు దగ్గర ఒకచోట బాలయ్య, ఒకచోట పాలయ్య అని ఉంది. మా వంశంలో పాలయ్య ఎవరూ లేరు. అన్నదమ్ములా, ఒక్కరేనా?

కరీంనగర్_సతీష్

పాత ఉర్దూ పేజీ దొరికితే స్కాన్ పెట్టు తమ్మీ, ఊరి పేరు చెరిపి. చుక్కలు లెక్కపెట్టి చెప్త. తండ్రి పేరు రెండు చోట్ల ఏముందో అది గూడ రాయి.